ఉప్పెన కబుర్లతో ఇల్లు గడుస్తుందా: నాలుగేళ్ళ నా అనుభవం

2021 జూన్‌లో మా కాలేజీ వాళ్ళు బీఏ ఎత్తేశారు. అడ్మిషన్లు లేవు, కోవిడ్ దెబ్బకి ఉన్న కొద్దిమందీ టీసీలు పట్టుకుపోయారు, హిస్టరీ చెప్పే నన్నేమో బీకాం పిల్లలకి ఇంగ్లీష్ చెప్పమన్నారు. జీతం 18 వేలు, అదీ కొన్ని నెలలు సగమే. మానేశాను. విజయవాడలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, మా ఆయన మెడికల్ రెప్. ఆయన జీతం వస్తోంది కాబట్టే నేను ఈ పనిలోకి దిగగలిగాను, ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ప్యాషన్ ప్యాషన్ అని చెప్పేవాళ్ళు ఇంటి అద్దె ఎవరు కట్టారో మాత్రం చెప్పరు.

పని ఏంటంటే, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చూసిన చరిత్ర రికార్డు చేయడం, దాన్ని జనం ముందు కథగా చెప్పడం, ఊళ్ళు తిప్పి చూపించడం. మా అమ్మ వాళ్ళది దివిసీమలో నాగాయలంక వైపు, కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ వయసు అడిగితే సంవత్సరం చెప్పరు, "ఉప్పెనకి మా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటారు. 1977 నవంబర్ 19, శనివారం, తుఫానుతో పాటు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిపడ్డ రోజు. ఆ రోజు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి. అప్పటికే ఇళ్ళూ వాకిళ్ళూ నడుపుతున్న పెద్దోళ్ళు చాలామంది పోయారు, కోవిడ్‌లో ఇంకొంతమంది పోయారు. ఇప్పుడు రికార్డు చేయకపోతే ఇంకెప్పుడూ చేయలేమనిపించింది, అంతకంటే పెద్ద ప్లానేం లేదు నాకు.

ముందు నేర్చుకోవాలిగా. ఎమ్మే హిస్టరీలో శాసనాలు చదవడం నేర్పారు గానీ మనిషిని ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. దేశ విభజన జ్ఞాపకాలు సేకరించే 1947 పార్టిషన్ ఆర్కైవ్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఫ్రీగా వర్క్‌షాప్ పెడతారు, ఆ ఆగస్టులో అందులో చేరాను. వాళ్ళ విషయం వేరు, పద్ధతి మాత్రం నాకు సరిగ్గా సరిపోయింది. అవునా కాదా అనే ప్రశ్నలు అడక్కూడదు, వాళ్ళు ఆగితే మనం తొందరపడి అందించకూడదు, చిన్నతనం నుంచి మొదలుపెట్టాలి. వినడానికి తేలికే, పాఠాలు చెప్పి చెప్పి అలవాటైన నోరు మూసుకుని కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. మొదటి రికార్డింగుల్లో ఇప్పుడు విన్నా వాళ్ళకంటే నా గొంతే ఎక్కువ.

సామాను సంగతి. మొదట ఫోన్‌తోనే చేశా, సముద్రం గాలికి బుర్రు బుర్రు మని తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత 9 వేల చిల్లర పెట్టి చిన్న రికార్డర్, ఇంకో వెయ్యి పెట్టి మైకుకి బొచ్చు తొడుగు కొన్నా. గంట రికార్డింగు వేవ్ ఫైలుగా ఒక జీబీ దాకా వస్తుంది, కాబట్టి హార్డ్ డిస్కులు రెండు, ఒకటి ఇంట్లో ఒకటి మా చెల్లి వాళ్ళింట్లో. ఎవరూ చెప్పని విషయం ఇంకోటుంది: అసలు శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ కట్టేస్తే పెద్దాయన చెమటలు కక్కుతాడు, వేస్తే టకటకా చప్పుడు. చివరికి పశువుల పాక దగ్గరో, చింత చెట్టు కిందో మంచం వేయించుకోవడం అలవాటైంది, కోళ్ళు అరుస్తాయి గానీ ఫ్యాన్ కంటే కోళ్ళే నయం.

విజయవాడ నుంచి అవనిగడ్డ బస్సు రెండు రెండున్నర గంటలు, అక్కడి నుంచి కోడూరుకో నాగాయలంకకో ఇంకో బస్సు, ఆపైన ఆటో. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరతాను, రానూపోనూ, టీ టిఫిన్లు, తీసుకెళ్ళే పళ్ళు అన్నీ కలిపి ఒక్కో ట్రిప్పు 600 నుంచి 800. పండగ ముందు వెళ్తే కోతలు కుప్పలు, ఎవరికీ తీరిక ఉండదు. సంక్రాంతి వెళ్ళాక ఎండలు ముదిరేలోపే మంచి టైము. అదీ పదకొండు తర్వాత, సీరియళ్ళ టైముకి ముందు. పాలకాయతిప్ప లాంటి వేటకెళ్ళే ఊళ్ళలో గడియారం చూసి టైము అడిగితే లాభం లేదు, సముద్రం పోటు ఎప్పుడు, పాటు (నీళ్ళు వెనక్కెళ్ళేది) ఎప్పుడు అని అడగాలి, పడవలు తిరిగొచ్చి వలలు సర్దుకున్నాకే ఎవరైనా కూర్చునేది.

2022 మొదట్లో ఊళ్ళోకి వెళ్తే అందరిదీ ఒకటే అనుమానం, పెన్షన్ సర్వేనా అని. కాదంటే మరి ఏమైనా ఇస్తారా అని. ఉప్పెన తర్వాత ఎంతమంది వచ్చి రాసుకెళ్ళారో చెప్తారు, ఏం రాసుకెళ్ళారో మాకు తెలీదమ్మా అంటారు, దానికి నా దగ్గర జవాబు లేదు. వర్క్‌షాప్‌లో చెప్పినట్టు సంతకం ఫారాలు ప్రింటు తీసుకెళ్ళా. కాగితం బయటికి తీసి వేలిముద్ర అనగానే మొహాలు మారిపోయాయి, పొలం కాగితాల మీద వేలిముద్రలేసి దెబ్బతిన్న ఊళ్ళవి. ఒకామె కొడుకు పొలం నుంచి పరిగెత్తుకొచ్చి ఆ ఫారం చదివి చదివి నా ఆధార్ అడిగాడు, తప్పేం లేదు, ఇచ్చాను. ఆ తర్వాత కాగితం మానేసి ఒప్పుకోలు కూడా నోటితోనే రికార్డు చేస్తున్నా: పేరు, ఊరు, ఇది ఎవరు వినొచ్చు, పేరు చెప్పొచ్చా వద్దా, ఏ ముక్క బయటికి రాకూడదు. ఇది చాలా బాగా పనిచేసింది, ఎందుకంటే మాట్లాడటం వాళ్ళకి అలవాటు, రాయడమే కాదు.

ఇంకో చిక్కు చుట్టూ చేరే జనం. నాయనమ్మని అడిగితే మనవడు చెప్తాడు, అది కాదే అని పక్కింటావిడ సర్దుతుంది. మొదట్లో విసుగొచ్చేది, తర్వాత ఆ గోల కూడా రికార్డులో ఉండనిచ్చా. ఒక అన్నదమ్ములిద్దరు ఒకే చెట్టు పట్టుకుని బతికారు, తుమ్మ అని ఒకాయన, కాదు దిబ్బ మీద తాడి అని ఇంకొకాయన, ఇన్నేళ్ళుగా అదే తగువంట. పాత పేపర్లు చూస్తే ఏమైనా తేలుతుందేమోనని వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళా, 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకి పేరు. చీరాలలో దిగి ఆటోలో వెళ్ళొచ్చు. పసుపు పచ్చబడ్డ కాగితం, పేజీ తిప్పాలంటే ఊపిరి బిగబట్టాలి. నవంబర్ చివరి వారం పేపర్లలో కెరటం ఎత్తు మీటర్లలో ఉంటుంది, పోయినవాళ్ళ సంఖ్య రోజురోజుకీ మారుతుంటుంది. సర్కారు లెక్క పది వేల చుట్టూ తిరుగుతుంది, ఊళ్ళలో ఆ లెక్క ఒప్పుకున్నవాళ్ళు నాకు కనిపించలేదు. కెరటం ఎత్తడిగితే తాడిచెట్టంత అంటారు. నేను సరిదిద్దను, తాడి ఎక్కి బతికినోడికి తాడే కొలత. రెండూ పక్కపక్కన రాసుకుంటా. అన్నదమ్ముల చెట్టు సంగతి మాత్రం ఏ పేపర్లోనూ లేదు.

ఒకామె గురించి చెప్పాలి. సొర్లగొంది వైపు, ఎనభై దగ్గర పడ్డ మనిషి. గంట పైన గేదెల గురించే చెప్పింది. ఏ గేదె ఏ పూట ఎన్ని సేర్లిచ్చేది, ఏది తన్నేది, నల్లదానికి నుదుటి మీద చుక్క, ఉప్పెన తర్వాత అది ఎక్కడ తేలిందో, ఎలా గుర్తుపట్టారో. మధ్యలో మధ్యలో నేను ఇంట్లోవాళ్ళ గురించి అడుగుతుంటే మళ్ళీ గేదెల దగ్గరికే వెళ్ళిపోతోంది. సరేనని రికార్డర్ ఆపి సంచీలో పెట్టేసుకున్నా. గేటు దాకా సాగనంపడానికి వచ్చి, గడ్డివాము దగ్గర నిలబడి, పది నిమిషాల్లో మొత్తం చెప్పేసింది. చెప్పి, "ఇది అందులో ఎక్కించకమ్మా" అంది. ఎక్కించలేదు. అదేంటో ఇక్కడా రాయను. నాకు రెండు మూడు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు, పిల్లలు బాత్‌రూమ్‌లో బక్కెట్ నీళ్ళతో ఆడుతుంటే అరిచేసేదాన్ని. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది లెక్కలో వేసుకోండి, వరసగా రెండు రోజులు ఇలాంటి రికార్డింగులు పెట్టుకోవద్దు. నేను ఇప్పుడు మధ్యలో కనీసం వారం గ్యాప్ ఇస్తున్నా.

ఇక రాతపని. గంట ఆడియో అక్షరాల్లో పెట్టాలంటే నాకు ఏడెనిమిది గంటలు. ఆటోమేటిక్‌గా రాసిపెట్టే యాప్‌లు న్యూస్ తెలుగు బాగానే రాస్తాయి, దివిసీమ ముసలమ్మ పళ్ళు లేని నోటితో మాట్లాడితే చేతులెత్తేస్తాయి. డిగ్రీ చదివే అమ్మాయికి ఆడియో గంటకి 700 ఇచ్చి కొంత చేయించా, ఆమె మాండలికం అంతా "కరెక్ట్" చేసి పుస్తకాల భాషలో పెట్టి ఇచ్చింది పాపం, మళ్ళీ మొదట్నుంచి.

ఇప్పటిదాకా పైసా రాలేదని గమనించారా. ఏడాది పైన అంతా ఖర్చే. మా అత్తగారు ఒకరోజు కూర తరుగుతూ, ముసలోళ్ళ కబుర్లు వినడానికి బందరు బస్సెక్కాలా, నేను ఇంట్లోనే ఉన్నాగా అన్నారు. నవ్వేశా గానీ ఆ మాటలో నిజం ఉందనిపించి తర్వాత ఆవిడని కూడా రికార్డు చేశా, గుడివాడ వైపు నాట్ల పాటలు ఎన్ని వచ్చో ఆవిడకి, ఆ సంగతి పెళ్ళైన పన్నెండేళ్ళకి తెలిసింది.

డబ్బు మొదట కళ్ళచూసింది బందరులో, అదే మచిలీపట్నంలో. 2022 అక్టోబర్ నుంచి నెలకో ఆదివారం నడక పెట్టా, తలకి 200. బందరు కోట, డచ్చి వాళ్ళ సమాధులు, తర్వాత పెడన వెళ్ళి కలంకారీ అచ్చులు, చివర్లో బందరు లడ్డు. డచ్చి సమాధుల దగ్గర రాళ్ళ మీద చెక్కిన కవచాలు, అక్షరాలు మూడు వందల ఏళ్ళ పైబడినవి, పొద్దున ఏడున్నర ఎండ ఏటవాలుగా పడినప్పుడే సరిగ్గా చదవొస్తుంది, తొమ్మిది దాటితే ఏమీ కనపడదు. గేటు తాళం ఎవరి దగ్గరుందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి, లేకపోతే గోడ బయట నుంచే చరిత్ర చెప్పాల్సొస్తుంది, చెప్పాను కూడా. మొదట్లో వచ్చినవాళ్ళు సగం మంది చుట్టాలే, వాళ్ళ దగ్గర డబ్బులు ఎలా అడుగుతాం.

అక్కడ నాకు ఉపయోగపడింది 1864. ఆ ఏడాది నవంబర్ 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో 30 వేల మంది పోయారని రికార్డులు చెప్తాయి. దానిమీద దొరలు రాసిన రిపోర్టులున్నాయి, ఇళ్ళలో కథలు మాత్రం దాదాపు లేవు, నేను ఎంత అడిగినా ఒక్క కుటుంబం కూడా మా ముత్తాత ఇలా చెప్పేవాడు అనలేదు. కోట దగ్గర నిలబెట్టి ముందు 1864 రిపోర్టుల్లో సంగతి చెప్పి, వెంటనే ఫోన్లో 1977 గొంతు ఒక రెండు నిమిషాలు వినిపిస్తా, అనుమతి ఇచ్చినవాళ్ళదే. సెల్ఫీలు ఆగిపోతాయి. నోటిమాటగా కొంతకాలానికి బయటివాళ్ళు రావడం మొదలైంది, రేటు 350 చేశా, ఇప్పుడు 500.

కథ చెప్పడం మాత్రం నాకు రాదని ఆ నడకల్లోనే అర్థమైంది, లెక్చర్ లాగా సాగుతోంది. బుర్రకథ ఎలా నడుస్తుందో చూద్దామని గుంటూరు వైపు ఒక పాత కళాకారుడి దగ్గరికి 2023 ఎండాకాలం అంతా వారానికోసారి వెళ్ళా. బుర్రకథకి పేరుపడ్డ పద్మశ్రీ షేక్ నాజర్‌ది ఆ జిల్లాలోని పొన్నెకల్లే, ఆయన పేరు చెప్పకుండా అక్కడ ఎవరూ పాఠం మొదలుపెట్టరు. డబ్బులు తీసుకోనన్నారు, బస్సు ఖర్చుతో పాటు నేను బలవంతంగా జేబులో పెట్టింది కలిపి వారానికి వెయ్యి దాకా అయ్యేది. మధ్యలో కథకుడు తంబూరతో, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం అని మనకి తెలిసిందే. నాకు తెలియంది ఏంటంటే హాస్యం ఎక్కడ పెడతారో. నా ఉప్పెన కథ వినిపిస్తే పెద్దాయన మధ్యలోనే ఆపించేశారు. కెరటంతో మొదలెడతావేంటమ్మా, ముందు ఆ ఊరివాళ్ళు నాకు చుట్టాలవ్వాలి కదా, అన్నారు. అప్పట్నుంచి నేను కోతకొచ్చిన వరి, ధాన్యం ధర, అవనిగడ్డలో ఎన్టీఆర్ సినిమాకి బళ్ళు కట్టుకుని వెళ్ళడం, దిబ్బ మీద పిల్లల ఆటలు, ఇవన్నీ నవ్విస్తూ చెప్పి సగం దాటాకే ఆకాశం మారుస్తా. కెరటం గురించి చెప్పేది మూడు నిమిషాలే. రాగం జోలికి పోను, నా గొంతుకి అది అచ్చిరాదు.

ఇక్కడే ఇంకో పని పడింది. రికార్డింగుకి ఒప్పుకోవడం వేరు, టికెట్టు పెట్టి స్టేజీ మీద చెప్పడానికి ఒప్పుకోవడం వేరు. కాబట్టి మళ్ళీ ఊళ్ళకెళ్ళి ఒక్కొక్కరికీ కథ మొత్తం చెప్పి వినిపించి అడిగా, దానికే నాలుగు నెలలు పట్టింది. చాలామంది సరే అన్నారు, కొందరు పేరు కూడా చెప్పమన్నారు. ఒక కుటుంబం కుదరదంది, పోయినోళ్ళ మీద డబ్బులేంటి అని. నా కథలో బలమైన భాగం అదే, తీసేశా, ఆ చోటు ఇప్పటికీ కొంచెం బోలుగానే ఉంటుంది. గుర్తుగా రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఎవరికీ దాన్ని పెట్టే చోటే లేదు. వాళ్ళు అడిగింది ఫోటో. ఎ4 సైజు ప్రింటు, లామినేషన్, 60 రూపాయలు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ అదే ఇస్తున్నా. ఆడియో మాత్రం తర్వాత అడుగుతారు, మనిషి పోయాక, కొడుకో కూతురో ఫోన్ చేసి నాన్న గొంతు ఉందా అండీ మీ దగ్గర అని. వెంటనే పంపగలిగేలా పేర్లు పెట్టి సర్దుకోండి ఫైళ్ళు, ఆ టైములో వాళ్ళని రెండు రోజులు ఆపలేం.

స్కూళ్ళు 2023 దసరా తర్వాత మొదలయ్యాయి. సెషన్‌కి 3 వేలతో మొదలుపెట్టి ఇప్పుడు 6 వేలు. ప్రిన్సిపాల్ మేడమ్‌లు చాలా బాగా మాట్లాడతారు, అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు అసలు మాట్లాడరు. ఒక పెద్ద స్కూలు నుంచి డబ్బులు రావడానికి ఐదు నెలలు, మధ్యలో పాన్ కార్డు మూడు సార్లు, క్యాన్సిల్డ్ చెక్కు, వెండర్ ఫారం. చివరికి పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కమ్ టాక్స్) కోసుకుని వేశారు, అది రిటర్న్ వేస్తే వెనక్కొచ్చింది, కాబట్టి ఆదాయం తక్కువైనా రిటర్న్ వేయండి. ఇప్పుడు సగం అడ్వాన్స్ లేకుండా బస్సెక్కను.

అన్నిటికంటే ఎక్కువ డబ్బులొచ్చేది నేను ఊహించని చోట నుంచి. 2024లో న్యూజెర్సీలో ఉండే ఒక మనవరాలు, కంకిపాడు దగ్గరున్న వాళ్ళ అమ్మమ్మ జీవితకథ రికార్డు చేసి పుస్తకంగా ఇమ్మంది, 40 వేలు. మూడు నెలల పని ఏడు నెలలైంది, ఎందుకంటే అమ్మమ్మ కొడుకులిద్దరూ దిగారు. పంపకాల గొడవ తీసెయ్యమని ఒకరు, తీసేస్తే ఊరుకోనని ఇంకొకరు, అమెరికా టైములో రాత్రి పదకొండుకి జూమ్ కాల్స్, నేను మ్యూట్‌లో కూర్చుని బట్టలు మడతపెట్టుకునేదాన్ని. ఆఖరికి ఆవిడనే అడిగితే, ఉంచమ్మా, ఇద్దరూ చదువుకోని, అంది. ఉంచాను. ఆ తర్వాత రాసుకునే ప్రతి ఒప్పందంలో మొదటి లైను, ఏది ఉండాలో చెప్పేది మాట్లాడిన మనిషే, డబ్బు కట్టినవాళ్ళు కాదు అని. దీనివల్ల ఇద్దరు ముగ్గురు కస్టమర్లు వెనక్కెళ్ళారు, వెళ్ళనీ.

2024-25లో అన్నీ కలిపి మూడు లక్షలకి కొంచెం అటూ ఇటూగా వచ్చింది, ఖర్చులు పోను రెండు లక్షల పైన. కాలేజీలో నికరంగా వచ్చి ఉంటే దాదాపు అంతే. అందులో సగం పైన కుటుంబ కథలు, తర్వాత స్కూళ్ళు, తర్వాత నడకలు. ఉప్పెన రికార్డింగులకి మాత్రం ఈ రోజుకీ ఎవరూ పైసా ఇవ్వలేదు, మిగతావాటి మీద వచ్చిన దాంట్లోంచి నెలకి రెండు ట్రిప్పులు దానికి పక్కన పెడుతున్నా.

ఆ రికార్డింగులన్నీ నా హార్డ్ డిస్కుల్లోనే ఉంటే నా తర్వాత ఏమవుతాయో తెలీదు కాబట్టి ఒక యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడుతున్నా, వాళ్ళ లైబ్రరీలో భద్రపరచడానికి. షరతులు నావి మూడే: మాట్లాడినవాళ్ళ కుటుంబాలకి ఫ్రీగా కాపీ, వద్దన్న భాగాలు తాళంలో, ఊరివాళ్ళు అడిగితే తెలుగులోనే వెతుక్కునే వీలు. పోయిన ఉగాదికి ఒప్పందం డ్రాఫ్ట్ ఇచ్చాను. లీగల్ సెక్షన్‌లో ఉందంటున్నారు, నెలాఖరుకి సంతకాలైపోతాయని నిన్న కూడా చెప్పారు, పోయిన నెల నెలాఖరుకి కూడా ఇదే మాట చెప్పారు లెండి.